దినాల్లేని చావు

"మూడేండ్ల పిల్లకు దినాలేందే? లే, కలుపుకు పోవాలె."

అత్త మల్లమ్మ అన్న ఈ మాట రెండేళ్లయినా బీరమ్మ చెవుల్లోంచి పోలేదు. కూతురు సంగమ్మను మట్టిలో పెట్టొచ్చిన మర్నాటి పొద్దున అన్న మాట. బీరమ్మ లేచింది, కలుపుకు పోయింది. పిల్లకు వాంతులు పట్టుకున్న పగలంతా కూడా ఆమె పరాయి చేలోనే ఉంది. పొద్దుగూకి వచ్చేసరికి సంగమ్మ కళ్లు లోపలికి పోయున్నాయి.

అప్పట్నుంచి నడుస్తుంటే వెనకాల చిన్న పాదాల చప్పుడు. బోరింగు దగ్గర బిందె ఎత్తుకుంటుంటే కొంగు ఎవరో గుంజినట్టు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఒకసారి భర్త యాదన్నకు చెప్పింది. "ఊకో, దయ్యం పట్టిందంటరు. నా ఇజ్జత్ పోతది" అన్నాడు. ఆమె మళ్లీ ఎవరికీ చెప్పలేదు. ఆ చప్పుడంటే భయమే, కానీ అది ఆగిపోతుందేమోనన్న భయం అంతకంటే పెద్దది.

పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. యాదన్న ఒకదాంట్లో కూలీగా చేరితే, బీరమ్మ ఒక ఇంజనీరు క్వార్టర్‌లో గిన్నెలు తోమడానికి కుదిరింది. ఇంటావిడ హన్నాబాయి. కొంకణం దిక్కు యూదుల బిడ్డ. శుక్రవారం పొద్దుగూకక ముందే దీపం పెట్టేది, శనివారం ఏ పనీ ముట్టేది కాదు. బీరమ్మనూ రావొద్దనేది. వచ్చీరాని తెలుగులో హిందీ కలిపి మాట్లాడేది.

ఒక సోమవారం బీరమ్మ పోయేసరికి అద్దం మీద దుప్పటి కప్పి ఉంది. హన్నాబాయి నేల మీద చాప పరుచుకుని కూర్చుంది. తండ్రి చనిపోయాడని టెలిగ్రాం వచ్చిందట. ఇక్కడ రైలెక్కి చేరేలోపే అక్కడ మట్టి అయిపోతుందట.

"చాయ్ పెట్టాలెనా, అమ్మా?" అంది బీరమ్మ.

ఇంజనీరే చాయ్ గిన్నె పట్టుకుని వచ్చాడు. "ఏడు రోజులు ఆమె ఏ పనీ చెయ్యదు. ఆమె మాట్లాడేదాకా మనం మాట్లాడించొద్దు. ఊరికే పక్కన కూర్చోవాలి. మా పద్ధతి అది" అని మెల్లగా చెప్పాడు.

బీరమ్మ గడప దగ్గర కూర్చుంది. ఎవరో ఒకరు వచ్చి హన్నాబాయిని లేవమంటారని చూసింది. ఎవరూ రాలేదు. క్వార్టర్ల ఆడవాళ్లు అన్నం తెచ్చి పెట్టి, కాసేపు కూర్చుని పోయారు. మూడోనాడు బీరమ్మ జొన్నరొట్టె తెస్తే హన్నాబాయి తుంచుకుని తింది.

అయిదోనాడు హన్నాబాయే నోరు తెరిచింది. "నాన్న నూనె గానుగ ఆడించేవాడు. శనివారం మాత్రం ఎద్దును విప్పేసేవాడు. నీకు చాకిరీ చేసే ప్రాణికి నువ్వే విశ్రాంతి ఇవ్వాలనేవాడు."

"ఎద్దుకు గూడనా?" బీరమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగలేదు, ఎక్కడో ఏడుపులోకి తిరిగింది.

హన్నాబాయి ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకెవరు పోయారు?"

"బిడ్డ."

"ఎట్లా ఉండేది?"

రెండేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. బీరమ్మ చెప్పింది. ఎడమ బుగ్గ మీద సొట్ట, మేకపిల్లతో మాట్లాడడం, అన్నంలో బెల్లం లేకపోతే అలగడం. చెపుతుండగానే ఎండ దిగిపోయింది.

ఇంటికొచ్చి, గోనెసంచి పరుచుకుని మూలన కూర్చుంది.

"ఏమైందే? పానం బాలేదా?" అన్నాడు యాదన్న.

"బిడ్డ సచ్చిపోయింది."

"రెండేండ్లాయె గదనే!"

"మీకు రెండేండ్లాయె. నాకు గియ్యాల్నే. ఏడొద్దులు ఈడికెల్లి లేవ."

మల్లమ్మ తిట్టింది, శాపనార్థాలు పెట్టింది. యాదన్న అరిచాడు, తలుపు గట్టిగా వేసి పనికి పోయాడు. రెండోనాడు అతనే అన్నం వండి మాడబెట్టాడు. బీరమ్మ గోనెసంచి మీంచి కదల్లేదు. రెండేళ్ల ఏడుపు, ఆపకుండా ఏడ్చింది.

మూడోనాటి మధ్యాహ్నం మల్లమ్మ చీపురు పట్టుకుని వచ్చి, కోడలి ముందు ఊడుస్తూ ఊడుస్తూ నిలబడిపోయింది. చీపురు కింద పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా గోనెసంచి కొసన కూర్చుంది.

"నాకు నలుగురు పిల్లలు పోయిండ్రు," అంది మల్లమ్మ. "పెద్దోని పేరు యాదికొస్తలేదే, బీరమ్మా."