ఆఖరున చదివే పిల్ల

"ఊఁ, తర్వాత," అంది తవమణి టీచర్, మెడ మీది చెమట కొంగుతో తుడుచుకుంటూ. ఒట్టన్‌చత్రం సంతవీధి బడిలో ఐదో తరగతి తమిళ పాఠం జరుగుతోంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి అదే పేజీ చదువుతున్నారు. బెరుకు పిల్లల్ని ఆమె ఎప్పుడూ ఆఖరున కూర్చోబెడుతుంది. నలుగురూ చదవగా వింటే ధైర్యం వస్తుందని ఆమె నమ్మకం. తన చేతిలో చదువు రాని పిల్ల లేదని బస్సులో, రేషను వరుసలో కూడా చెప్పుకునేది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమెకు మిగిలింది మోకాళ్ల నొప్పులూ, ఆ గొప్పా.

ఆఖరున పాండీశ్వరి లేచి, పుస్తకం బెంచీ మీద పరిచి, గడగడా మొదలుపెట్టింది. ఫ్యాను గాలికి రైలు పాఠం పేజీ తిరిగి చెరువు పాఠం వచ్చింది. పిల్ల ఆగలేదు. చెరువు పాఠం మీద వేలు కదుపుతూ, రైలు పాఠం చివరిదాకా తప్పు లేకుండా అప్పజెప్పింది.

తవమణి దగ్గరికి వచ్చి, తెరిచి ఉన్న పేజీ చూసింది.

భోజనాల వేళ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. "చదవడం రాదని నాకెందుకు చెప్పలేదే?"

పాండీశ్వరి సాంబారన్నం కలుపుతూ తలెత్తలేదు. "నేను బాగా చదువుతానని మీరే అన్నారు గదా టీచర్. అక్షరాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. వింటే మటుకు వచ్చేస్తది."

తాను ఆఖరున కూర్చోబెట్టిన పిల్లలు ఇంకెందరు ఇలా విని అప్పజెప్పారో. ఇప్పుడు ఎవరిని పిలిచి అడుగుతుంది? తవమణికి సిగ్గేసింది.

వంటామెను అడిగి గుప్పెడు చింతగింజలు తెచ్చింది. బెంచీ మీద సుద్దతో పిల్ల పేరులోని మొదటి అక్షరం పెద్దగా గీసి, గీత వెంట పేర్చమంది. రేపటి నుంచి రోజూ ఇలాగే చేయిద్దాం అనుకుంది.

అంతలో పిల్ల తల్లి మారియాయి వచ్చింది. తిరుప్పూరు బనియన్ల కంపెనీలో పని దొరికిందట, వ్యాను బయటే ఉందట.

"దీన్ని అక్కడ బళ్లో వేస్తాలే టీచరమ్మా."

"మారియాయీ, అక్కడి టీచరుతో చెప్పు, అందరికంటే ముందు దీనిచేత చదివించమని."

"చదువుద్ది, దానికేం భయం? మీ చేతి పిల్ల గదా." మారియాయి మురిసిపోతూ కూతురి సంచి భుజాన వేసుకుంది.

"అది కాదే, దానికి..."

తల్లి వెనక నుంచి పాండీశ్వరి చెప్పొద్దన్నట్టు చూసింది. "జాగ్రత్తగా వెళ్లండి," అనేసింది తవమణి. చెప్పి ఉండాల్సిందని తెలిసేసరికి వ్యాను సంతవీధి దాటిపోయింది.

సాయంత్రం గది ఊడ్చే ఆమె బెంచీ తుడవబోతే టీచర్ వద్దంది. సుద్దగీత మీద సగం దాకా చింతగింజలు ఉన్నాయి.