ఒడ్డున నిలబడ్డ బావి

నేను ఒక బావిని. నమ్మరని తెలుసు. నన్ను ఇప్పుడు అందరూ తలెత్తి చూస్తారు. బావిని తలెత్తి చూడడం ఎక్కడైనా విన్నారా?

గవ్వలపేటలో సూరాడ ఎల్లాజీ పెళ్లయిన ఏడాది తన పెరట్లో నన్ను తవ్వించాడు. అప్పట్లో సముద్రం చాలా దూరం. మధ్యలో తాటిచెట్టంత ఇసక దిబ్బ అడ్డం. తవ్వేవాళ్లకు లోతున గుల్లలు గంపలకొద్దీ దొరికాయి.

"పూర్వం ఇక్కడే సముద్రముండేదేమో," అన్నాడొకడు.

"ఉంటే ఉంది. వెళ్లిపోయింది కదా," అన్నాడు ఎల్లాజీ.

వెళ్లిపోయినదేదీ తిరిగి రాదని మనుషులకు గట్టి నమ్మకం. సిమెంటు వరలు ఒకదానిమీద ఒకటి దించి నన్ను నిలబెట్టారు.

నా నీళ్లు తియ్యన. తగువుకు అదే మూలం. ఎల్లాజీ భార్య పోలమ్మకూ, తోటికోడలు నూకరత్నానికీ ముందు తోడేది ఎవరన్నదాని మీద మాటామాటా పెరిగింది. "నా బావి ఛాయలకు రాకు," అంది పోలమ్మ. నూకరత్నం మొగుణ్ణీ పిల్లల్నీ తీసుకుపోయి, పడమటి జీడితోటల్లో పాత దిబ్బ మీద ఇల్లు కట్టుకుని బోరు వేయించుకుంది. "ఇక చేపలు చెట్లకు కాస్తాయి," అని చేపల వేట మీద బతికే ఊరు నవ్వింది. ఒకనాడు పొంగిన సముద్రమే ఆ దిబ్బను అక్కడ పోసి వెనక్కి తగ్గిందని నవ్వినవాళ్లకు తెలీదు.

తర్వాత రోడ్డు కోసమని సముద్రానికి అడ్డమున్న దిబ్బను లారీలకెత్తారు. గాలి బాగా వస్తోందనీ, సముద్రం కనిపిస్తోందనీ పోలమ్మ సంబరపడింది. సముద్రానికీ పోలమ్మ కనిపించింది. సముద్రమట్టం ఏటేటా పెరుగుతోందని ఎవరో వచ్చి కొలిచి చెబితే, ఊరు తలాడించి టీ పోసి పంపింది. కెరటాలు ఒక్కో వీధినే తింటూ వచ్చాయి. ఆఖరికి ఒక తుఫాను పోలమ్మ ఇంటిని పట్టుకుపోయింది. నా చుట్టూ ఇసకంతా కోసుకుపోయి, వరలు బయటపడి, స్తంభంలా మిగిలాను. లోపల ఉప్పునీళ్లు.

తెల్లారి పోలమ్మ నాకు వీపు ఆనించి కూర్చుంది. ఏడవలేదు. ఇల్లున్న చోట కెరటాలు విరిగిపడుతుంటే చూస్తూ ఉంది. నూకరత్నం చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది.

"తాగక్కా."

పోలమ్మ మొహం తిప్పుకునే చెంబు ఖాళీ చేసింది. "మీ బోరు నీళ్లు చప్పన," అంది.

"చప్పనే. పద, ఇంటికొచ్చి ఇంకా ఏమేం బాగోలేదో చెబుదువుగాని."

ఇద్దరూ వాదులాడుకుంటూనే పడమటికి నడిచారు. ఎల్లాజీ మిగిలిన సామాను మూట నెత్తినెట్టుకుని, ఆ ఇద్దరి మధ్యా దూరకూడదన్న తెలివితో బాగా వెనకగా వెళ్లాడు. రమ్మంటే నేనూ వెళ్లేదాన్నే. బావికి కాళ్లుండవు.