పన్నెండు వేల అడుగుల ఎత్తున ఉపవాసం

కరెంటు పోయింది. యాంగోన్‌లోని పజుండౌంగ్‌లో, మూడో అంతస్తు బాల్కనీలో నిలబడి సుధామణి ఫోను చెవికి అదిమి పట్టుకుంది. ఇక్కడ పొద్దున్న పదిన్నర. భూగోళానికి అటుపక్క తమ్ముడు రాంబాబు ఉన్న లా పాజ్‌లో అర్ధరాత్రి.

కొండల అవతలి రేవులో ఓడ పనికి ఎక్కే ముందు అక్కడ రెండ్రోజులు ఆగమన్నాడు ఏజెంటు. పన్నెండు వేల అడుగుల ఎత్తున్న ఊరని మాత్రం చెప్పలేదు. మనుషుల్ని బస్తాల్లా కొండమీదికి విసిరేసేవాడికి అక్కడి గాలి సంగతెందుకు? టిక్కెట్ల దుకాణంలో పనిచేసే సుధామణే కాగితం మీద రాసిచ్చింది: దిగిన రోజు తిరగకు, నీళ్లు మానకు, మందు ముట్టకు, రాత్రిపూట వీధిలో టాక్సీ ఆపకు.

నీళ్లు! వాడి ముంజేతికి అమ్మవారి పసుపు కంకణం ఉంది. పండగ అయ్యేదాకా మొక్కు. ఇంట్లో తల్లి దేముడమ్మ సంజెదీపం పెట్టి కబురు చేస్తేనే, రోజుకోసారి తిండీ నీళ్లూ. యాంగోన్‌లో సంజె అంటే అక్కడ పొద్దున్న ఎనిమిది. అప్పుడు తాగినవాడు మళ్లీ గుక్క ముట్టలేదు.

"అప్పా, మూడుసార్లు కక్కీసినాడు," అన్నాడు హోటల్లో వాడితో ఒకే గదిలో ఉన్న ఆంగ్ ఆంగ్. సుధామణి అతనికీ అక్కే. తల్లి తెలుగు, తండ్రి బర్మీయుడు. "పిలిస్తే ఏటేటో మాట్లాడతన్నాడు."

"నిలబెట్టి నాలుగడుగులు నడిపించు."

కుర్చీ పడిన చప్పుడు.

"పడిపోనాడప్పా! తాగినోడిలా తూలతన్నాడు."

ఎత్తు జబ్బు తలకెక్కిందని సుధామణికి అర్థమైంది. మాట తడబడి కాలు తూలిందంటే ఇక తెల్లారేదాకా ఆగకూడదు. ఉత్త నీళ్లతో పోయేది కాదు. కిందికి దింపాలి.

"ఆంగ్ ఆంగ్, ఆస్పత్రికి తీస్కెళ్లు. ఇప్పుడే."

"రాత్రి టాక్సీ ఎక్కొద్దని నువ్వే రాసినావు కదా!"

"వీధిలో ఆపొద్దన్నానురా ఎర్రినాయనా! హోటలోళ్ల చేత పిలిపించు. ఆక్సిజన్ అడుగు. పరిగెట్టు!"

ఫోన్లో మెట్ల మీద అడుగుల చప్పుడు. ఎవరో ఆడమనిషి కేక. మళ్లీ ఆంగ్ ఆంగ్ రొప్పుతూ లైన్లోకి వచ్చాడు.

"అంబులెన్సుకి ఫోన్ సేసినారు. ఆక్సిజన్ తెచ్చినారు. ఈడు మాస్కు లాగి పారేత్తన్నాడప్పా! అమ్మ దీపం పెట్టలేదు, నోటికేదీ తగలకూడదు అంటన్నాడు."

సుధామణి వంటింట్లోకి ఉరికింది. "అమ్మా, దీపం పెట్టీసానని సెప్పు."

"పట్టపగలా?" దేముడమ్మ గరిటె దించింది. "అమ్మవారు ఊరుకుంటాదేటి? బయం లేదేటే నీకు?"

"నన్ను సంపమను! ఇక్కడ ఆడు సచ్చిపోతన్నాడే!"

దేముడమ్మ దీపపు కుంది వైపు చూసింది. వత్తి కూడా వేయలేదు. పుట్టి బుద్ధెరిగాక అమ్మవారి పేరు మీద ఒక్క అబద్ధమాడని మనిషి.  ఫోను లాక్కుంది.

"ఒరే బాబూ, పెట్టీసానురా. ఎలుగుతంది. ఆళ్లేటి పెడితే అది పెట్టించుకో."

 సుధామణి తనూ ఫోనుకు చెవి ఆనించింది. సిలిండరు బుస వినిపించింది.

"పెట్టించుకున్నాడు!" ఆంగ్ ఆంగ్ అరిచాడు. "బండి వచ్చీసింది. తెల్లారకుండానే కిందూరికి దింపాలంట. దారిలో మందులు, సూదులు ఇస్తారంట... ఈడి మొక్కు సంగతేటి సెప్పమంటారు?"

"దింపీమను," అంది దేముడమ్మ. "ఆడి కంకణం తెంపీ. ఆ మొక్కు నాది, నాను కట్టుకుంటాను."

కంకణానికి పసుపు కొమ్ము కోసం డబ్బాలన్నీ వెతకసాగింది.