నల్లనోటి తల్లి

పిచ్చుక పోయాక దర్జీ ఇంట్లో గట్టిగా మాట్లాడినవాళ్ళు లేరు. దర్జీ కూతురు, చిన్నపిల్ల. క్షణం నోరు మూయదని తల్లే ఆ ముద్దుపేరు పెట్టింది. నీలిజ్వరం వచ్చి, మందు వేసే వ్యవధి కూడా ఇవ్వకుండా తీసుకుపోయింది. అప్పట్నుంచి దర్జీ చేతిలో కత్తెర ఎటు పోతోందో అతనికే తెలిసేది కాదు. భార్య గోడవైపు తిరిగి పడుకుంటే తిండికి కూడా లేచేది కాదు.

అలాంటి మనిషి ఒకరోజు కూనిరాగం తీస్తూ కుట్టుగదిలోకి వచ్చి, పిచ్చుక గౌను తీసి పరపరా చింపసాగింది.

"ఏం చేస్తున్నావే!" దర్జీ లాక్కున్నాడు.

"మిషను తుడవడానికి గుడ్డ లేదన్నారుగా. ఎవరిదండీ ఇది? కుట్టించుకుని వదిలేసినట్టున్నారు."

నవ్వుతూనే అంది. నాలుక చివర సిరా పూసినట్టు నల్లగా ఉంది.

ఆ నలుపేమిటో దర్జీకి అర్థమైంది. నల్లనోటి తల్లి గురించి ఊళ్ళో గుసగుసలు అతనూ విన్నాడు. పోయినవాళ్ళ పేరు ఆమె నోట్లోకి చెబితే దుఃఖమంతా లాగేసుకుంటుందట. దుఃఖంతోపాటు ఆ మనిషి జ్ఞాపకాన్ని కూడా ఊడ్చుకుపోతుందని మాత్రం ఆమె భక్తులు ముందుగా చెప్పరు.

ఫిర్యాదు చేయడానికి పరుగున కొత్వాలు దగ్గరికెళ్ళాడు. కొత్వాలు అంతా విని, లేచి తలుపు మూశాడు.

"ఆ తల్లి జోలికెళ్ళకు, మేస్త్రీ. నేనిప్పుడు హాయిగా నిద్రపోతున్నాను."

"మీరెవర్ని పోగొట్టుకున్నారు?"

"అదే తెలీదు," అంటూ కొత్వాలు నవ్వాడు. అతని నాలుకా నల్లగానే ఉంది.

ఇక తనే తేల్చుకోవాలనుకున్నాడు దర్జీ. మర్నాడు మిట్టమధ్యాహ్నం భార్య బయల్దేరితే, సంచిలో సుత్తి వేసుకుని వెనకే వెళ్ళాడు. ఆమె అద్దకాల కార్ఖానాలోకి దూరి, రంగు తొట్ల వెనకున్న కొట్టుగదిలో దణ్ణం పెట్టుకుని వచ్చేసింది. ఆమె కనుమరుగయ్యాక అతను లోపలికి అడుగుపెట్టాడు. గుమ్మం దగ్గర కూర్చున్న, అద్దకం పనిచేసే ముసలామె అడ్డుకోలేదు.

"పేరు తెచ్చావా నాయనా?" అంది ఆప్యాయంగా.

అతను ముందుకు నడిచాడు. కళ్ళు, ముక్కు ఏమీ లేని నల్లరాయి. అందులో తడితడిగా ఒక నోరు. సుత్తి ఎత్తాడు.

"నాన్నా, గుండీ దొలికింది!"

పిచ్చుక గొంతు. దానికి 'ర' పలికేది కాదు. కింద పడ్డ గుండీలన్నీ ఏరి, అలాగే అరుస్తూ వచ్చి అతని ఒళ్ళో పోసేది. సుత్తి చేతిలోంచి జారింది. దర్జీ ఆ రాతిముందు కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"పగలగొడితే ఆ గొంతూ పోతుంది. నీ ఇష్టం మరి," అంది ముసలామె వెనకనుంచి.

అతను పగలగొట్టలేదు. ఆ తర్వాత రోజూ వెళ్ళి కూర్చునేవాడు. ఆ నోరు పిచ్చుకలాగే కబుర్లు చెప్పేది, అలిగేది, కిలకిలా నవ్వేది. మాట్లాడేది కూతురు కాదని అతనికి తెలుసు. తెలిసీ వినకుండా ఉండలేకపోయాడు.

ఒకనాడు అది గారాలు పోయింది. "అమ్మ పేలు చెప్పవా నాన్నా? ఒక్కదాన్నే ఉంటే భయమేస్తోంది."

"మీ అమ్మ బతికే ఉందే!"

"బతికున్నవాళ్ళ పేరు చెబితే మనిషే ఇందులోకి వచ్చేస్తుంది," అంది ముసలామె, చేతికంటిన రంగు తుడుచుకుంటూ.

దర్జీ రెండు చేతులతో నోరు మూసుకుని ఇంటికి పరుగెత్తాడు. భార్య ఎదురొచ్చింది. "రోజూ ఎక్కడికెళ్తున్నారండీ? చిక్కిపోయారు," అంటూ నుదురు తాకి చూసింది.

ఏ కూతురి కోసమని చెబుతాడు?

అప్పట్నుంచి అతను భార్యను పేరుపెట్టి పిలవడం మానేశాడు. అలవాటుకొద్దీ అక్కడ ఆ పేరు నోటివెంట జారుతుందేమోనని భయం. వెళ్ళడం మానేస్తే సరిపోతుందని తెలియక కాదు. అయినా మర్నాడు మధ్యాహ్నం కాగానే కుడుతున్న బట్ట కుడుతున్నట్టే వదిలేసి, చెప్పులేసుకుని బయల్దేరాడు.