సొరబుర్రల బాతులు

సోలార్ ప్లాంటు సూపర్‌వైజరు భరత్‌కుమార్ కంచె పక్కన బైకు ఆపి, హెల్మెట్ తియ్యకుండానే మాట్లాడాడు. చెడ్డకబురు తెచ్చినవాళ్ళు చాలామంది అంతే, వెళ్ళిపోవడానికి తయారుగా ఉండి మరీ చెబుతారు.

"అవ్వా, సోమవారం నుంచి ఈడ గన్ను పెడతాండారు."

దొడ్డిలో పెంట ఎత్తుతున్న కదిరమ్మ నడుం నిలబెట్టింది. "గన్నా? ఎవుర్ని కాల్చేకప్పా?"

"కాల్చేది కాదవ్వా. గ్యాసుతో డాం అని శబ్దం చేస్తాది, అంతే. బాతులు బెదిరిపోవల్ల. తెల్లారి మొదలుపెడితే ఎండెక్కేదాంక మోగుతానే ఉంటాది."

కదిరమ్మ దొడ్డిలోకి చూసింది. గొర్రెలన్నీ నిండు చూడివి. పక్కకు తిరగాలన్నా కష్టపడుతున్నాయి. పోయినేడు ఆమె చెల్లెలి ఊరి దగ్గర రోడ్డు కోసం బండలు పేల్చినప్పుడు మంద బెదిరి గోడకు గుద్దుకుంది, సగానికి సగం గొర్రెలకు కడుపులు పోయాయి. భూమి సోలారుకు ఇచ్చినరోజు మొగుడు మందంతా అమ్మేద్దామంటే, పోట్లాడి ఆమె నిలుపుకున్నవి ఈ కాసిని. ఈ ఈత దక్కితే మళ్ళీ మంద అవుతుంది. దక్కకపోతే ఇక గొర్రెల మాట ఆ ఇంట్లో ఎత్తేవాళ్ళుండరు.

"దొడ్డి మార్చుకోండవ్వా కొన్నాళ్ళు."

"యాడికి మార్చేది? ఆపక్కా మీ కంచే, ఈపక్కా మీ కంచే. నెత్తిమీద పెట్టుకోనా?"

భరత్‌కుమార్ తప్పు కూడా లేదు. ఆ ఏడు వానలు బాగా కురిసి, ఎన్నో ఏళ్ళుగా బీడుపడిన చెరువు నిండింది. ఉత్తరాన్నుంచి, తల వెనక రెండు నల్లగీతలున్న పెద్దబాతులు వచ్చాయి. రాత్రంతా శనగచేలలో మేసి, తెల్లారేసరికి నీళ్ళమీద వాలి కునుకు తీయడం వాటి అలవాటు. కానీ చెరువు కట్ట వెనక, జాలికంపల చాటున ఉంది. పైనుంచి చూసేవాటికి మైళ్ళ పొడుగున మెరిసే సోలార్ పలకలే పెద్ద చెరువుగా కనపడేవి. వాలబోయి పలకలకు గుద్దుకునేవి. కొన్నిటికి రెక్కలు విరిగేవి. వరసల మధ్య పడ్డవాటికి పరుగెత్తి ఎగరడానికి చోటుండేది కాదు. పలకలూ పగులుతున్నాయి. పైవాళ్ళకు తోచిన మందు గన్ను.

అంతవరకూ దొడ్డి గోడమీద కూచుని వింటున్న ఆమె మొగుడు తిమ్మరాయప్ప ఆకువక్క ఉమ్మి వచ్చాడు. "తరిమితే ఇంగో పక్క పలకలమీద పడతాయి. వాటిని పిలవల్లప్పా."

"ఈయప్ప పిలిస్తే నేనే పలకను," అంది కదిరమ్మ, "బాతులు పలుకుతాయంట."

"నీకేం తెల్సు. మా నాయన కాలంలో నీళ్ళమీద సొరబుర్రలు వదిలేవాల్లం. బాతులు వాటిని చూసి, మనోల్లే అనుకోని దిగేవి. మేము ఇంగో బుర్ర నెత్తిన బోర్లించుకోని, గొంతుమట్టం నీళ్ళలో పోయి కాళ్ళు పట్టి లాగేవాల్లం."

"ఇప్పుడు పట్టితే ఫారెస్టోల్లు నిన్ను పట్టి లాగుతారు తాతా."

"పట్టేకి కాదులేప్పా. దిగితే చాలుగదా మనకు."

భరత్‌కుమార్ అప్పుడు హెల్మెట్ తీశాడు. కాసేపు చెరువు వైపు చూసి, "సోమవారం దాంక నా చేతిలో ఉండాది. ఆమైన నా మాట నడవదు," అన్నాడు.

ఎండిన సొరబుర్రలకు ఆ చుట్టుపక్కల హొన్నమ్మే దిక్కు. విత్తనాలకని ఇంటి చూరుకు వరసగా వేలాడదీసి ఉంటుంది. బాతుల కోసమని విని ఆమె నడుం పట్టుకుని నవ్వింది.

"ఏం కదిరక్కా, గొర్రెలు చాలక బాతులూ మేపుతారా మొగుడూ పెండ్లాలు?"

"మేపేది లేదు, గుడ్లూ లేవు. ఊరికే నీళ్ళలో నిలబెట్టేది."

"మా ఇంటాయన్నూ తీస్కపో అయితే. ఆయప్పా అంతే."

నవ్వుతూనే అన్నీ దింపి ఇచ్చింది, పొట్టలో విత్తనాలు మాత్రం రాలగొట్టుకుని. మెడ వంపు తిరిగిన బుర్రలు చూస్తే కూచున్న బాతు అచ్చం అట్లాగే ఉంటుంది. కదిరమ్మ బూడిద, సున్నం కలిపి పూసింది. తిమ్మరాయప్ప బొగ్గుతో తలవెనక గీతలు గీశాడు. బుర్రలు చాలకపోతే భరత్‌కుమార్ పలకల డబ్బాల్లో వచ్చే థర్మాకోల్ ముక్కలు తెచ్చి, మెడలకు తీగ వంచి గుచ్చాడు.

నీళ్ళలో వేసి చూస్తే ఒక్కటీ నిలవలేదు. ప్రతి బుర్రా దొర్లి పొట్ట పైకి పెట్టింది.

"అన్నీ తాగి పడిపోయినట్టు ఉండాయి," అన్నాడు భరత్‌కుమార్.

పొట్ట కింద కోడిగుడ్డంత రాయి కట్టాక నిటారుగా నిలిచాయి. కొట్టుకుపోకుండా ప్రతిదాన్నీ నైలాన్ తాడుతో అడుగున ఇంకో పెద్దరాయికి కట్టాలి. తిమ్మరాయప్ప పంచె ఎగ్గట్టి, నడుంలోతు నీళ్ళలో దిగి, సాయంత్రమంతా కట్టాడు. గొర్రెలవాడు కదా, చేతికి వచ్చిన పని మందను కుదించడమే. బుర్రల్ని ఒకదానికొకటి తగిలేలా గుండ్రంగా చేర్చి, ముందొక తాడు, వెనకొక తాడు బిగించాడు. దొడ్డిలో పెట్టినట్టే ఉంది చూస్తే. గట్టుకొచ్చి, తడిసిన పంచె పిండుకుంటూ, "ఒక్కటి కదిలితే చూడు," అన్నాడు గర్వంగా.

తెల్లారి బాతులు వచ్చాయి. కట్ట చాటున ముగ్గురూ వంగి కూచున్నారు. గుంపు చెరువు మీద ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. కిందికి దిగినట్టే దిగి, ఒక్కసారిగా పైకి లేచి, నేరుగా పలకల మీదికి పోయింది. దూరంగా ఠప్పుమని చప్పుడు వినిపించింది.

భరత్‌కుమార్ పరుగెత్తి, రెక్క విరిగిన బాతును గోనెసంచిలో తెచ్చాడు. ఫారెస్టు వాళ్ళకు ఫోను చేసి, సంచిని ఒడిలో పెట్టుకుని కూచున్నాడు. తిమ్మరాయప్ప ఆకువక్క తిత్తి తీసి, మళ్ళీ లోపల పెట్టేశాడు.

కదిరమ్మకు ఆ పొద్దు మేపడానికి పోయినా మనసు మనసులో లేదు. కోసిన శనగచేలో గొర్రెలు ఎక్కడివక్కడ తలలు వంచి మేస్తున్నాయి. అంతలో గట్టుమీద కొత్త కుక్క ఒకటి కనపడింది. గొర్రెలన్నీ పరుగున వచ్చి ఒకదానికొకటి ఒత్తుకుని, మెడలు నిక్కించి నిలబడ్డాయి. ఆమె రాయి విసిరింది. కుక్క పోయింది. కాసేపటికి ఒక్కొక్కటే విడిపడి, ఎటుపడితే అటు తిరిగి మళ్ళీ మేతలో పడ్డాయి.

కదిరమ్మ చేతిలో రెండో రాయి అట్లాగే ఉండిపోయింది.

ఇంటికి రాగానే మొగుణ్ణి నిలదీసింది. "నిన్న నువ్వు పెట్టింది ఎట్లాంటి మందప్పా?"

"ఎట్లాంటిదేంది? కుదురైన మంద."

"కుదురు కాదు, బెదురు. తోడేలును చూసిన మంద అట్ల ఒత్తుకోని ఉంటాది. పైనుంచి చూసిన బాతు ఏమనుకుంటాది? ఈడ ఏదో ఉండాది, దిగితే చస్తామనుకుంటాది."

"అట్లని చెదరగొడితే? తప్పిపోయినదాన్ని ఎవుడు వెదికేది?"

"సొరబుర్ర యాడికి తప్పిపోతాదప్పా? రాయి కట్టింది నువ్వే గదా."

"మా నాయన దూరదూరంగానే వదిలేవాడు," అన్నాడు తిమ్మరాయప్ప నెమ్మదిగా. "తాడు చాలక అట్ల వదుల్తాండాడేమో అనుకుంటి."

ఆదివారం ముగ్గురూ నీళ్ళలోకి దిగారు. కదిరమ్మ చీర కాసెబోసి కట్టి తనే చోట్లు చూపించింది. వెనకతాళ్ళన్నీ కోయించింది. ముక్కు దగ్గర ఒక్క తాడుంటే చాలు, గాలి ఎటు వీస్తే అటు తిరుగుతాయి. రెండు ఇక్కడ, నాలుగు అక్కడ, ఒకటి విడిగా. కొన్నిటి తీగమెడలు నీళ్ళదాకా వంచించింది, మేస్తున్నట్టు. నడిమధ్య మాత్రం పెద్ద ఖాళీ వదిలింది.

"ఆడ యాల ఖాళీ అవ్వా?" అన్నాడు భరత్‌కుమార్.

"వచ్చేవాల్లకు కూచునేకి చోటుండద్దా? గడపనిండా మనమే నిలబడితే చుట్టాలు వాకిట్లోనుంచే పోతారు."

సోమవారం. గన్ను తెచ్చే బండి పావగడలో బయల్దేరిందని భరత్‌కుమార్‌కు ఫోను వచ్చింది. తూర్పు ఎర్రబడుతుండగా బాతుల కూత వినపడింది, కొమ్ము ఊదడం నేర్చుకునేవాడు ఊదినట్టు. గుంపు వచ్చింది. చెరువు మీద తిరిగింది. మళ్ళీ తిరిగింది. సగం గుంపు విడిపోయి పలకల వైపు మళ్ళింది. కదిరమ్మ కళ్ళు మూసుకుంది.

"ఏయ్, చూడు," అన్నాడు తిమ్మరాయప్ప, చెవిలో.

ఒక బాతు రెక్కలు బిగబట్టి, కాళ్ళు ముందుకు చాచింది. ఖాళీలోకి జారి, నీళ్ళను చీల్చుకుంటూ పోయి ఆగింది. వెనకే ఇంకొకటి. ఆపైన లెక్కలేదు. దిగినవి కూతలు పెడుతుంటే పలకల మీదికి పోయిన సగంలోనూ చాలావరకు గాలిలోనే వంపు తిరిగి వచ్చాయి. కొన్ని రాలేదు. ఆ కొన్నీ ఏమయ్యాయో అప్పుడు చూడబుద్ధి కాలేదు ఎవరికీ.

భరత్‌కుమార్ వీడియో తీసి పైవాళ్ళకు పంపాడు. కట్ట కింద అటూ ఇటూ తిరుగుతూ కన్నడలో చాలాసేపు మాట్లాడాడు. తిరిగి వచ్చి, "గన్ను పావగడ ఆఫీసులో దింపుతారంట అవ్వా. ఒక నెల చూస్తారు. పలకలమీద పడేవి తగ్గకుంటే మళ్ళా మాట," అన్నాడు.

"నెలలో నా గొర్రెలన్నీ ఈనేస్తాయప్పా," అంది కదిరమ్మ. "ఆమైన మాట ఆమైన."

అని, లేచి కొంగు దులుపుకుంది. ఇంకో పని తోచింది ఆమెకు. మంద నీళ్ళు తాగేది ఆ చెరువు రేవులోనే. గొర్రెలు దిగితే బాతులు లేస్తాయి.

"ఈ నెల గొర్రెల్ని ఈడికి తేను," అంది.

"మరి వాటికి నీళ్ళెట్ల?" అన్నాడు తిమ్మరాయప్ప.

"బోరుకాడ నుంచి మోస్తే సరి. బిందెలు ఇంట్లో ఉండాయి, భుజాలు నీకు ఉండాయి."

తిమ్మరాయప్ప భరత్‌కుమార్ వైపు చూశాడు. ఆ కుర్రవాడు తొందరగా హెల్మెట్ పెట్టుకున్నాడు. ముసలాయన నీళ్ళమీద ఏవి బుర్రలో ఏవి బాతులో తెలియకుండా తేలుతున్న మందను ఇంకాసేపు చూసి, బిందెల కోసం ఇంటిదారి పట్టాడు.