ఎనభై దాటితే వణుకు

"నీ బండి నువ్వే ఉంచుకో," అంటూ అనిల్‌కుమార్ తాళంచెవి విసిరాడు. అది జగదీష్ ఛాతీకి తగిలి, వాకిట్లో ముగ్గు మీద పడింది.

కొత్తగూడెంలో గని క్వార్టర్ల వీధి. ఆదివారం పొద్దున. పంపు దగ్గర బిందెలు పట్టేవాళ్లు పట్టడం మానేసి ఇటు తిరిగారు. అనిల్ తండ్రి చెంచురామయ్య ప్లాస్టిక్ కుర్చీలో, జగదీష్ తల్లి మంగమ్మ ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

జగదీష్, అనిల్ ఖమ్మంలో ఒకే కాలేజీలో చదివారు. తండా నుంచి వచ్చిన జగదీష్ ఇప్పుడు గనిలో ఎలక్ట్రీషియన్. అతను వాడిన కారునే కల్లూరులో వ్యవసాయం చేసే అనిల్ ఈ వానాకాలం మొదట్లో కొన్నాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత పట్టుకుంది వణుకు. స్పీడు ఎనభై దాటితే చాలు, బండి చలిజ్వరం వచ్చినట్టు వణికేది.

"యాక్సిడెంటు బండికి రంగేసి అంటగట్టావు," అన్నాడు అనిల్. "ఉద్యోగం వస్తే మాత్రం, తండా బుద్ధి ఎక్కడికి పోతుందిలే."

మంగమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. నోరు ముయ్యరా అనాల్సింది చెంచురామయ్య. అనలేదు. మోసపోయినవాడి కోపం కదా అని గ్లాసులోకి చూస్తూ ఊరుకున్నాడు.

జగదీష్ వంగి తాళంచెవి తీసుకుని, అంటిన ముగ్గు తుడిచాడు.

"మా అమ్మ ముందట అన్నవు. సరే. నడువు, బండి తీస్కపోయి చూద్దాం. తప్పు నా బండిదైతే ఇదే వాకిట్ల అందరి ముందట ఒప్పుకుంట. బాబాయ్, నువ్వు గూడ రా. పెద్దమనిషివి, నువ్వే సాక్షి."

పాల్వంచ దాటి భద్రాచలం రోడ్డెక్కాక రెండు పక్కలా అడవి మొదలైంది. జగదీష్ నడుపుతున్నాడు, అనిల్ పక్కన, చెంచురామయ్య వెనక. అరవైలో బండి వెన్నలా పోతోంది. ఎనభై తాకగానే చెంచురామయ్య కింద సీటు సన్నగా వణకడం మొదలుపెట్టింది.

"ఇప్పుడేమంటావు?" అన్నాడు అనిల్.

"ఆగరాదు. స్టీరింగ్ మీద చెయ్యి పెట్టు. వణుకుతుందా?"

అనిల్ అయిష్టంగానే పెట్టాడు. "లేదు."

"బాబాయ్, నీ సీటు?"

"వణుకుతోందయ్యా."

జగదీష్ మెల్లగా బ్రేకు తొక్కి చూశాడు. వణుకు పెరగలేదు. మళ్లీ స్పీడు పెంచి, గేరు న్యూట్రల్ చేశాడు. ఇంజన్ చప్పుడు తగ్గింది, వణుకు తగ్గలేదు. తిన్నని రోడ్డు చూసి స్టీరింగ్ వదిలాడు. బండి గీత గీసినట్టు సూటిగా పోయింది.

"బ్రేకులు గావు. ఇంజన్ గాదు. యాక్సిడెంటయి చాసిస్ వంగిన బండైతే ఒక పక్కకు గుంజుతది, ఇది గుంజుత లేదు. స్టీరింగ్ల వణుకు లేదు, సీట్ల ఉంది. అంటే ఎనక చక్రాలు."

వెనక చక్రాలు. ఆ మాటతో చెంచురామయ్యకు తోట దారి గుర్తొచ్చింది.

మొన్న వానలకు పామాయిల్ తోట దారిలో కారు నల్లరేగడిలో దిగబడింది. ఎంత తొక్కినా చక్రాలు తిరగడమే గాని కదిలింది లేదు. కూలీలు నవ్వుకుంటూ తోశారు. ట్రాక్టరైతే ఇలా దిగబడుతుందా? పెద్ద చక్రాల్లో నీళ్లు నింపుతాం, ఆ బరువుకు మట్టిని పట్టుకుంటుంది. ఊళ్లో అందరూ చేసే పనే. మర్నాడు కొడుకు బస్సులో సత్తుపల్లి వెళ్లిన వేళ చూసి, మందు కొట్టే పంపుతో కారు వెనక చక్రాలు రెంటిలో నీళ్లు ఎక్కించాడు. ఎవరికీ చెప్పలేదు. ఈసారి బురద దాటాక మీసం మెలేసి చెబుదామనుకున్నాడు.

ఇప్పుడే చెప్పేస్తే సరి. కానీ ఊళ్లో ఎవరి ట్రాక్టరు మొరాయించినా మొదట కబురొచ్చేది తనకే. అలాంటివాడు కొడుకు ముందు, వీడి ముందు ఎలా చెబుతాడు? నీళ్ల వల్ల కాదేమోలే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

వెనక్కి వచ్చి పాల్వంచలో వీరన్న టైర్ల షాపు ముందు ఆపారు. వీరన్న వెనక చక్రం ఒకటి ఊడదీసి బ్యాలెన్స్ చూసే మిషన్‌కు ఎక్కించాడు. చక్రం గిర్రున తిరిగి ఆగింది. తెర మీద చూపిన చోట సీసపు ముక్క అంటించాడు. మళ్లీ తిప్పితే లెక్క మారింది, చోటూ మారింది. ముక్క మార్చి తిప్పితే ఇంకో లెక్క.

"ఇది జన్మల బ్యాలెన్స్ గాదు సార్," అన్నాడు వీరన్న. "లోపల ఏందో కదుల్తుంది."

అనిల్ ఎగిరి ముందుకొచ్చాడు. "అదీ సంగతి. పంక్చర్లు దాచటానికి ఏదో మందు పోసి అమ్మావు గదరా. నీ యూనియన్ వాళ్లకే చెప్తా ఉండు, గనిలో ఎట్లాంటోడు పనిచేస్తున్నాడో తెలుస్తది." ఫోన్ బయటికి తీశాడు.

"నేనేం పొయ్యలే," అన్నాడు జగదీష్. పొద్దుట్నించి మొదటిసారి అతని గొంతు తగ్గింది. బండి మొన్నటిదాకా అతనిది. ఎవరు నమ్ముతారు?

వీరన్న టైరు ఊడదీసే కడ్డీ అందుకున్నాడు.

"నీళ్లు," అన్నాడు చెంచురామయ్య.

ముగ్గురూ తిరిగి చూశారు.

"లోపల నీళ్లున్నాయి. నేనే పోశా. ట్రాక్టరుకు పోసినట్టే... రేగడిలో జారకుండా."

వీరన్నకు నవ్వు ఆగలేదు. "పెద్దాయనా, ఈ కారును గుంజేటివి ముందు చక్రాలు. ఎనకవి ఊకె ఎంబడొస్తయి." ఇంకెవరూ నవ్వకపోయేసరికి తల దించుకుని కడ్డీ దూర్చాడు. రబ్బరు కంపు కొడుతూ నీళ్లు సిమెంటు మీద పారి చెంచురామయ్య చెప్పుల దాకా వచ్చాయి. అనిల్ ఫోన్ జేబులో పెట్టుకుని పాత టైర్ల కుప్ప మీద కూలబడ్డాడు.

జగదీష్ అరవలేదు. ఒక్కటే అడిగాడు. "నీకెప్పుడు సమజయింది బాబాయ్?"

అబద్ధం చెప్పడానికి సందుంది. చెంచురామయ్యకు అది కూడా కనిపించింది.

"అడవిలో. నువ్వు వెనక చక్రాలు అన్నప్పుడు."

"అంటే గిక్కడిదాంక చూస్కుంట కూసున్నవు."

రెండో చక్రమూ ఖాళీ చేయించాక, తిరుగు దారిలో బండి ఎనభై దాటింది, తొంభై దాటింది. సీటు కిందనుంచి చిన్న అదురు కూడా లేదు. వణికినా బాగుండును అనిపించింది చెంచురామయ్యకు. "సారీ రా," అని అనిల్ గొణిగాడు. జగదీష్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "చెప్పాల్సింది నాకు గాదు," అన్నాడు.

మంగమ్మ గుమ్మంలోనే ఉంది. చెంచురామయ్య భుజం మీది కండువా తీసి చేత పట్టుకుని, జరిగింది దాచకుండా చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"నాకెందుకు చెప్తవన్నా? నా కొడుకు ఎసుంటోడో నాకెరుకే. పొద్దుగాల విన్నోళ్లకు చెప్పు." వీధి వైపు గడ్డం ఎత్తి చూపించి లోపలికి వెళ్లిపోయింది.

ఈసారి నీళ్లు ఇవ్వలేదు.

"నేను చెప్పొస్తా నాన్నా, నువ్వు బండిలో కూర్చో," అన్నాడు అనిల్.

"కూర్చున్నది చాలు," అని చెంచురామయ్య నడిచాడు.

మొదటి ఇంటి తలుపు తీసినావిడ చేతులు పిండిలో ఉన్నాయి. "ఎవరు గావాలె?"

"ట్రాక్టరు చక్రాల్లో నీళ్లు పోస్తారు చూడమ్మా..." అని మొదలుపెట్టాడు.

"అవ్, అయితే?"

పంపు దగ్గరివాళ్లు బిందెలతో దగ్గరికి వస్తున్నారు. అది కాదు ముందు చెప్పాల్సింది. కండువా నలుపుకుంటూ మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

"మంగమ్మ కొడుకు మోసం చెయ్యలేదమ్మా."

పక్కింటి తలుపు అప్పటికే తెరుచుకుంది.