ఒక మిల్లీమీటరు

తొమ్మిదో స్క్రూ బయటికొచ్చింది. పట్టకారు కొనతో దాన్ని ఎత్తి, అద్దాల కింది భాగంలోంచి ఒకసారి చూసుకుని, పటాల మాస్టారు తన బల్ల సొరుగు కొంచెం తెరిచాడు. సొరుగులో ఒక కాగితం ఉంది. దాని మీద పెన్సిల్‌తో గీసిన లాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ, ఆ బొమ్మలో ఎనిమిది స్క్రూలు తమతమ చోట్ల అంటుకుని ఉన్నాయి. తొమ్మిదోదాన్ని ఎడమ మూల అంటించి, సొరుగు మూసి, ఏమీ ఎరగనట్టు గాజుగోడ వైపు చూశాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పరీక్షలో చీటీ దాచుకునే పిల్లాడిలా చేసే పనిని దాచుకోవలసి వచ్చింది.

ఆ కాగితాల వల్లే ఆయనకా పేరు. ఏ యంత్రం విప్పినా ముందు వాడేసిన కాగితం వెనక దాని బొమ్మ గీస్తాడు. స్క్రూ ఎక్కడ ఊడదీస్తే బొమ్మలో అక్కడే, జిగురు పట్టీ ముక్క మీద నిలబెడతాడు. బిగించేటప్పుడు ఎక్కడిది అక్కడికే. రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు దాటి, ఈ సర్వీసు సెంటరు వెనక గదిలోకి వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. ఒక్క స్క్రూ మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. ఈ పనివాళ్ళలో ఒక జోకు ఉంది. రిపేరు అయ్యాక రెండు స్క్రూలు మిగిలితే, వస్తువు తేలికైందని గిరాకీకి చెప్పాలట. అందరూ నవ్వుతారు. మాస్టారు మాత్రం నవ్వడు.

నాలుగు వారాల కిందట మేనేజరు ఆ కాగితాలు మానెయ్యమన్నాడు. ముందు గదిలో కొత్తవి అమ్ముతారు, వెనక గదిలో చెడినవి బాగుచేస్తారు. మధ్య గోడ తీసేసి గాజు పెట్టించాడు, పనిచేసేవాళ్ళు కనబడితే కొనేవాళ్ళకి నమ్మకం కుదురుతుందని.

"ఈ కాగితాలేంటి మాస్టారూ, పచారీ కొట్టులాగ! చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అని ప్రతి బల్ల మీదా ఒక అయస్కాంతపు గిన్నె పెట్టించాడు. ఊడదీసిన స్క్రూలన్నీ కలిపి అందులో పడెయ్యాలి. యంత్రానికి నలభై నిమిషాలు. దాటితే బల్ల మీది తెరలో అంకెలు ఎర్రబడతాయి. ఎర్రబడినవన్నీ నెలాఖరున మేనేజరు బల్ల మీదికి చేరతాయి.

మాస్టారు రెండు రోజులు గిన్నె వాడాడు. మూడో రోజు నుంచి సొరుగు.

గాజు తలుపు సందులోంచి అమ్మేవాడి గొంతు వినిపిస్తోంది. "పైరకం సార్ ఇది. సినిమా చూడండి, పాటలు వినండి, వీడియోలు చేసుకోండి. పదేళ్ళు నిశ్చింతగా ఉండొచ్చు. నాదీ పూచీ."

మాస్టారికి ఒళ్ళు మండేది అక్కడే. అదే పైరకం యంత్రం మూడేళ్ళకి ఈ గదికి వస్తే దానికి వేరే పాట పాడతారు. పాతబడిపోయిందండీ, దీనికి పార్టులు రావడం లేదండీ, కొత్తది చూసుకోండీ. అవతల పదేళ్ళు, ఇవతల మూడేళ్ళు, మధ్యన ఒక గాజు పలక. పూర్వం నాలుగు స్క్రూలు విప్పితే లోపలంతా అరచేతిలో ఉండేది. ఇప్పుడు ప్రతిదీ జిగురుపెట్టి అంటించేస్తున్నారు, ఎవడూ విప్పకూడదని, విప్పినా బతక్కూడదని. పైన పటారం, లోన లొటారం. వాళ్ళింట్లో పెళ్ళినాటి టేబుల్ ఫ్యాను ఇంకా తిరుగుతోంది. ఆయన రెండేళ్ళకోసారి దాన్ని విప్పి, తుడిచి, చుక్క నూనె వేస్తాడు. "ఇది మనిద్దర్నీ సాగనంపితేగానీ ఆగదండీ" అంటుంది భార్య, పొద్దున్నే క్యారేజీ మూత బిగిస్తూ.

పదకొండు కావస్తుండగా మేనేజరు ఒక యంత్రం తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెద్ద తెర, రెండు వైపులా స్పీకర్లు, వెండిరంగు మూత. ఆ రకంలో అంతకు మించింది లేదు.

"నీళ్ళావిడది మాస్టారూ. సాయంత్రం వస్తోంది. ఈ రిపోర్టు మీద మీ సంతకం ఒక్కటి పెట్టి, ప్యాక్ చేసెయ్యండి."

నీళ్ళావిడ అసలు పేరు ఆ గదిలో ఎవరూ పలకరు. చూపులేని కాలేజీ పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు పైకి చదివి, రికార్డు చేసి ఇస్తుందామె. గొంతు శుభ్రంగా రావాలని ఉన్నంతలో మంచిది కొనుక్కుంది. మూడో ఏడు ఫ్యాను గురగుర మొదలై ఆ చప్పుడు పాఠాల్లో పడుతుంటే, ఇక్కడికి తెచ్చి ఫ్యాను మార్పించుకుంది. ఇంటికి తీసుకెళ్ళిన రెండో రోజే యంత్రం చచ్చి ఊరుకుంది. తిరిగి తెస్తే, దాని మీద నీళ్ళు పడ్డాయి, వారంటీ వర్తించదు అన్నారు. లోపలి బోర్డు మార్చాలంటే ఇంచుమించు కొత్తదాని ధర. పిల్లలకి వచ్చే నెలలో పరీక్షలు. చదివినదాంట్లో సగం అందులోనే చిక్కుకుని ఉంది.

మూడు వారాలుగా ఆమె వచ్చి కౌంటరు దగ్గర నిలబడుతోంది. "నేను చదివే గదిలోకి మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకెళ్ళనండీ. గొంతు ఎండితే బయటికొచ్చి తాగుతాను" అని ఒకటే మాట చెప్పేది. ఆమె వెళ్ళాక ఎవరో "నీళ్ళావిడ" అన్నారు. గది గదంతా నవ్వింది. ఆ రోజు మాస్టారు కూడా నవ్వాడు.

"విప్పి చూసిందెవరు?" అన్నాడు మాస్టారు.

"విప్పేదేముంది? చుక్క ఎర్రబడింది. ఫోటో తీసి పంపాం, పైవాళ్ళు నీళ్ళే అన్నారు."

యంత్రం లోపల, గాలి సందుల్లోంచి బయటికి కనబడేలా, బియ్యపుగింజంత తెల్ల చుక్క ఒకటి అంటిస్తారు. తడి తగిలితే ఎర్రబడుతుంది. వానాకాలం గాలికి కూడా ఎర్రబడుతుందని ఆ గదిలో తెలియనివాడు లేడు. కుక్కని చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలి. ఆ పేరు పెట్టడానికే ఆ చుక్క.

"విప్పకుండా సంతకం పెట్టడం నాకలవాటు లేదు బాబూ."

మేనేజరు నవ్వాడు. "అప్పుడు ఫ్యాను మార్చింది మీరే కదా మాస్టారూ. మీరు విప్పిందే, ఇంకేం చూస్తారు?"

అతను వెళ్ళాక మాస్టారు రిపోర్టులో ఫ్యాను మార్చిన తేదీ చూశాడు. గిన్నె వాడిన రెండు రోజుల్లో అది రెండోది.

పొద్దుటి యంత్రాన్ని పక్కకి జరిపి, కొత్త కాగితం తీసి, బొమ్మ గీశాడు. ఈసారి సొరుగులో కాదు, బల్ల మీదే పెట్టుకున్నాడు. ఈ రకానికి స్క్రూలు పదకొండు. ఏడు పొట్టివి, నాలుగు పొడుగువి. తేడా ఒక్క మిల్లీమీటరు, కంటికి ఆనదు. ఒక్కోటీ విప్పి కొలబద్ద మీద పెట్టి చూస్తూ వచ్చాడు. పొడుగుది ఉండాల్సిన మూలలో పొట్టిది వదులుగా ఊగుతోంది. అప్పుడే ఆయనకి అర్థమైపోయింది. ఫ్యాను పక్కన పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది ఉంది. దాన్ని తీసి భూతద్దం దింపాడు. స్క్రూ కొన బోర్డులోకి దిగిన చోట గసగసగింజంత రాగి మెరుస్తోంది. అక్కడ తీగలు తెగిపోయాయి. చుట్టుపక్కల నీటి మరక అన్నది మచ్చుకి కూడా లేదు.

ఆ రోజు ఆయనకి బాగా గుర్తుంది. గిన్నెలో స్క్రూలన్నీ గుత్తిగా అంటుకుపోయి ఉన్నాయి. ఇది చివర్న కొంచెం బిగువుగా దిగింది. బిగువుగా దిగుతోందంటే ఆగి, తీసి చూడాలి. నలభై ఏళ్ళుగా వేలు అలా చెబుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు. ఆ రోజు తెరలో అంకెలు ఎర్రబడి ఉన్నాయి. ఇంకో అర చుట్టు బలంగా తిప్పేశాడు.

పక్క బల్ల దగ్గర పనిచేసే పిల్ల తల తిప్పింది. ఆమెకి పని నేర్పింది ఆయనే. "నీళ్ళేనా బాబాయ్?"

"నీళ్ళు కాదమ్మా. నేను."

ఆమె వచ్చి భూతద్దంలో చూసింది. గాజు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "ఎవరితోనూ అనకు బాబాయ్. చుక్క ఎర్రగానే ఉందిగా."

ఆయనకి కోపం ముంచుకొచ్చింది. ఆ పిల్ల మీద కాదు. గిన్నె మీద, ఎర్ర అంకెల మీద, పదేళ్ళు అని అవతల అరుస్తున్న గొంతు మీద, అన్నిటికన్నా ఎక్కువగా ఆ రోజు నవ్విన తన నోటి మీద. ఒక మనిషి మూడు వారాలు నిజం చెబుతూ నిలబడితే, ఇంతమంది కలిసి ఆమెకి అబద్ధాలకోరని ముద్ర వేశారు. దానికి సంతకం ఒక్కటే తక్కువ.

మేనేజరుకి చెప్పాడు. అతను కుర్చీలోంచి లేవలేదు. "అయితే బోర్డు కంపెనీ ఖర్చుతో మార్చాలి. పైన ఎవరు సమాధానం చెబుతారు? తప్పు మీదని బయటపడితే మీకే నష్టం మాస్టారూ. ఎందుకొచ్చిన గొడవ, సంతకం పెట్టెయ్యండి."

"బోర్డెందుకు బాబూ? తెగింది రెండు తీగలు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? నేను అతికేస్తాను."

"బోర్డు మీద మనం చెయ్యి పెట్టకూడదు. రూలు మీకు తెలుసు."

రూలు తెలుసు. కాగితాలు కూడదన్నదీ రూలే. మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచారు. మాస్టారు క్యారేజీ విప్పలేదు. బోర్డు మీది రంగుపూతని బ్లేడు మొనతో గీకి, వెంట్రుకంత సన్నని రాగితీగ రెండు ముక్కలు కోసి, ఊపిరి బిగబట్టి ఒక్కోటీ అతికాడు. పక్క బల్ల పిల్ల తన క్యారేజీ కూడా మూసేసి, వచ్చి దీపం పట్టుకుంది. లోపలి పొరలదాకా దెబ్బ పోకపోవడం ఒక్కటే అదృష్టం. మధ్యాహ్నం రెండు దాటాక మీట నొక్కితే ఫ్యాను మెత్తగా తిరిగింది. తెర వెలిగింది. అందులో వరసగా పుస్తకాల పేర్లు, పాఠాల అంకెలు కనిపించాయి. చివరి పాఠం పక్కన ఆమె "సగం అయింది" అని రాసుకుంది. మాస్టారు వేటినీ తెరవకుండా మూత దించాడు. పదకొండు స్క్రూలూ కాగితం చూసుకుంటూ బిగించాడు. పాడైన స్క్రూ బదులు డబ్బాలోంచి కొత్తది వేశాడు. తర్వాత పొద్దుటి యంత్రాన్ని కూడా పూర్తిచేశాడు.

నాలుగున్నరకి ఆమె వచ్చింది. ఆమెని చూడగానే మేనేజరు రిపోర్టు పట్టుకుని కౌంటరు దగ్గరికి నడిచాడు. మాస్టారు గాజు తలుపు తోసుకుని యంత్రంతో ముందు గదిలోకి వచ్చాడు. పని వేళలో ఆయన ఆ తలుపు దాటడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"అమ్మా, దీని మీద నీళ్ళు పడలేదు. ఫ్యాను మార్చినప్పుడు పొట్టి స్క్రూ చోట నేను పొడుగుది బిగించాను. అది బోర్డుని కోసేసింది. ఇవాళ అతుకు వేశాను. నడుస్తోంది. ఎన్నాళ్ళు నడుస్తుందో మాత్రం చెప్పలేను. ఇంటికెళ్ళగానే మీ పాఠాలన్నీ ఇంకోదాంట్లోకి ఎక్కించుకోండి."

ఆమె దణ్ణం పెట్టలేదు, సంతోషపడలేదు. ముఖం ఎర్రబడింది.

"మూడు వారాలు! ఇక్కడే నిలబెట్టి అబద్ధం ఆడుతున్నావన్నారు. ఇంటికెళ్ళి బల్ల కింద తడుముకున్నాను, తెలుసా? మా ఆయన మీద అరిచాను, నువ్వే ఒలకబోసి దాస్తున్నావని. ఇప్పుడొచ్చి తీరిగ్గా స్క్రూ అంటారా?"

"తప్పేనమ్మా."

"మాస్టారూ, మీరు లోపలికెళ్ళండి. నేను మాట్లాడతాను" అన్నాడు మేనేజరు.

"ఆయన ఎక్కడికీ వెళ్ళరు" అంది ఆమె. "ఇప్పుడన్నది రాసివ్వండి. నోటిమాట నాకొద్దు. ఇక్కడి నోటిమాటలు చాలా విన్నాను."

చెప్పడం ఒక ఎత్తు, రాయడం ఒక ఎత్తు. చెప్పినదాన్ని రేపు మేనేజరు పెద్దాయనకి మతి తప్పిందని కొట్టిపారెయ్యగలడు. రాస్తే తిరుగులేదు. ఆ సంగతి ఆ ముగ్గురికీ తెలుసు. మాస్టారు మేనేజరు చేతిలోంచి రిపోర్టు తీసుకున్నాడు. 'నీళ్ళు పడినందువలన' అన్న మాటని అడ్డంగా కొట్టేశాడు. దాని కింద, ఫ్యాను మార్చినప్పుడు తన చేతి పొరపాటు వల్ల చెడిందని, స్క్రూలన్నీ ఒకే గిన్నెలో కలిపి వెయ్యమన్న పద్ధతి వల్ల ఆ పొరపాటు జరిగిందని రాశాడు. సంతకం పెట్టి, కింద పూర్తి పేరు రాశాడు. కౌంటరు దగ్గరున్నవాళ్ళు మెడలు చాచి ఆ పేరు చదివారు.

ఆమె రెండుసార్లు చదువుకుని, మడిచి, సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "మళ్ళీ చెడితే మిమ్మల్నే అడుగుతాను."

"అడగండమ్మా."

పక్కన కొత్తది చూస్తున్న గిరాకీ అంతా విన్నాడు. అమ్మేవాడి వైపు తిరిగి, "ఇందులో పొడుగు స్క్రూలెన్నండీ?" అని అడిగాడు. పదేళ్ళకి పూచీపడ్డవాడికి ఆ లెక్క తెలియలేదు.

ఐదున్నరకి మేనేజరు మాస్టారిని పిలిచి, రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. పంతొమ్మిదేళ్ళని ముగించడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, ఏ అంకెలూ ఎర్రబడలేదు. గిన్నెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. గిన్నెలు తెప్పించినవాడు కూడా కుర్చీలోనే ఉన్నాడు. తప్పు చేయించినవాడికి ఏమీ కాలేదు, ఒప్పుకున్నవాడి పని పోయింది. ఇదెక్కడి న్యాయమని ఆ గదిలో ఒక్కరు కూడా పైకి అడగలేదు.

మాస్టారు తన సొంత స్క్రూడ్రైవర్లు గుడ్డలో చుట్టుకున్నాడు. భూతద్దం తీసుకున్నాడు. బల్ల మీది కాగితాన్ని సొరుగులో పెట్టాడు. విప్పని క్యారేజీ చేతికి బరువుగా తగిలింది. ఇంటికెళితే దానికి సంజాయిషీ చెప్పుకోవాలి.

"బాబాయ్, నేనేమీ అనలేకపోయాను" అంది పక్క బల్ల పిల్ల. కళ్ళు తుడుచుకుంటోంది.

"నువ్వు దీపం పట్టావు కదమ్మా" అన్నాడు ఆయన. "బిగువుగా దిగితే ఆగు. అంకెలు ఎర్రబడితే బడనీ."

రోజూ వెళ్ళే వేళకే వెళ్ళాడు. చెప్పులు వేసుకుని, గొడుగు తీసుకుని, వెనక మెట్ల దారినే దిగిపోయాడు.

మర్నాడు పొద్దున ఆ బల్ల ఖాళీ చెయ్యమన్నారు. ఆ పిల్ల సొరుగు తెరిచింది. అందులో పెద్ద యంత్రం బొమ్మ గీసిన కాగితం ఒక్కటే మిగిలింది. పది జిగురు ముక్కలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాను పక్కన, పెన్సిల్‌తో చుట్టిన సున్నాలో, కొనకి కాస్త రాగి అంటుకున్న పొడుగు స్క్రూ నిలబడి ఉంది.